చెయ్యి తడవకుండా భార్యకు సేవ: ఇల్లాలు మంచాన పడిన మగవాళ్లకు చిట్కాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పెద్దమనుషుల కోసం ఈ చిట్కాలు. మీ ఆమెకు సోయి తప్పింది. నిన్నటి మాట ఇవాళ గుర్తుండదు. మిమ్మల్ని చూసి ‘నువ్వెవరు’ అంటున్నది. నడక ఆగిపోయింది. ఉచ్చ పక్కలోనే, దొడ్డి పక్కలోనే. నలభై యాభై ఏండ్లు మీకు వండి వడ్డించిన మనిషి ఇప్పుడు ఎవరన్నా నీళ్లు తాపితే తాగుతుంది, లేకుంటే లేదు. మీరేమీ కంగారు పడొద్దు. సంసారమంతా చేయని పని ఈ వయసులో నేర్చుకోవడం దేనికి? కింద చెప్పినట్లు చేయండి. మీ చెయ్యి తడవదు, పంచె నలగదు, ఊళ్లో పరువు పోదు.

1. జబ్బుకు పేరు పెట్టనివ్వకండి.

‘ముసలితనం’, ‘చాదస్తం’, ‘గాలి సోకింది’, ‘ఎవరో ఏదో చేసిండ్రు’. ఈ నాలుగింటిలో ఒకటి పట్టుకోండి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పండి. దవాఖానకు తీసుకుపోతే డిమెన్షియా అంటారు. థైరాయిడ్ చూద్దాం, బి12 చూద్దాం, తలకు స్కాన్ తీద్దాం అంటారు. కొందరిలో మతిమరుపు థైరాయిడ్ తగ్గడం వల్లనో, విటమిన్ లోపం వల్లనో, ఎప్పుడో కిందపడ్డప్పుడు తలలో రక్తం చేరడం వల్లనో వస్తుంది. వైద్యం చేస్తే నయం కావచ్చు కూడా. నయమైతే ‘ఇన్నాళ్లు ఎందుకు చూపించలేదు’ అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే చూపించకపోవడమే మేలు.

చదువుకున్న కొడుకు పట్టుబడితే లెక్క చెప్పండి. 2023లో బయటికొచ్చిన జాతీయ సర్వే అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఇంతమందికి ఉన్నదాన్ని జబ్బు అంటారా అని గద్దించండి. వాడు ఇంకా వినకపోతే రెండో లెక్క తీయండి. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించారు. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతున్నదని, చదువురానివాళ్లలోనూ ఈ తేడా ఉన్నదని 2013లో ప్రచురించారు. మీ ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు అనుకుందాం. తెలుగు వచ్చు, కన్నడం వచ్చు. ‘మీ అమ్మకు రెండు భాషలు వచ్చురా, ఆమెకు ఆ జబ్బు రాదు’ అని తేల్చేయండి. ఆలస్యంగా రావడం వేరు, రాకపోవడం వేరు అని వాదించే తీరిక ఎవరికుంది?

2. దవాఖాన దూరం అనే సాకును మార్చుకోండి.

ఇది పాతబడింది. 2016 అక్టోబరు 11న పాలమూరు నుంచి మన మూడు జిల్లాలు విడిపోయాయి. ఆ తర్వాత వనపర్తికి, నాగర్‌కర్నూలుకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కొత్త సాకు ఇది: ‘అక్కడంతా పిల్ల డాక్టర్లు, మన రోగం వాళ్లకేం తెలుస్తది’. కర్నూలు పెద్దాసుపత్రికి పోదామంటే ‘వేరే రాష్ట్రం’ అనండి. హైదరాబాదు అంటే ‘అంత దూరం ఎట్ల మోసుకుపోతం’ అనండి. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి బలానికని ఒక గ్లూకోజు బాటిలు ఎక్కిస్తాడు. అది వేలాడుతున్నంతసేపు ఇంటికొచ్చినవాళ్లకు వైద్యం జరుగుతున్నట్లే కనిపిస్తుంది. అరుగు మీది నుంచి కూడా కనబడేటట్లు కిటికీ చువ్వకు కట్టించండి.

3. కాలానికి తగిన సాకు కట్టిపెట్టుకోండి.

మంచి సాకు మీ ఊరి పనిలోంచే రావాలి. అప్పుడే ఎవరూ తప్పుపట్టరు. గద్వాల వైపు నడిగడ్డలో ఉన్నవాళ్లకు ఇది వరం. సీడు పత్తి క్రాసింగు మొదలైతే సాయంత్రం మొగ్గ విప్పాలి, తెల్లారి పుప్పొడి అద్దాలి. ఒక్క పూట తప్పితే కాయ పట్టదు, కంపెనీ ఆర్గనైజరు ఊరుకోడు. పత్తి పువ్వుకు పొద్దునా సాయంత్రం మనిషి కావాలి కాబట్టి పెండ్లానికి లేకపోయినా నడుస్తుంది. అప్పుడే కూలీలను కూడా మందలించి రావచ్చు.

గద్వాల మగ్గం మీద బతికేవాళ్ల పని ఇంకా సులువు. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చున్నాక లేస్తే నేత చెడుతుందని అందరికీ తెలుసు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే చోట ఒక్క పోగు తప్పినా షావుకారు చీర వెనక్కిస్తాడు. మంచం అదే గదిలో నాలుగడుగుల దూరంలో ఉన్నా, ఆమె మూలుగు చెవిన పడుతున్నా, ‘పోగు మీదున్నా’ అంటే చాలు. ఆ మాటకు ఎదురు లేదు.

వనపర్తి, అచ్చంపేట వైపు యాసంగిలో పల్లికాయ. కొల్లాపూర్‌లో ఎండాకాలం మామిడితోట కాపలా. ఏ పంటా లేని నెలలో పెండ్లిళ్లు ఉండనే ఉన్నాయి. అవీ లేనినాడు పంచాయతీ అరుగు ఉంది. అక్కడ కూర్చుని దేశం సంగతి మాట్లాడండి.

4. పక్క కింద యూరియా సంచి పరవండి.

ఖర్చు లేదు. నీళ్లు దిగవు. మంచం చెడదు. మంచం చెడకపోవడమే ముఖ్యం. ఆ ప్లాస్టిక్కు గాలి ఆడనివ్వదు, చెమటా ఉచ్చా ఒంటికే అంటిపెట్టుకుంటాయి, కుట్లు చర్మాన్ని గీకుతాయి. గాలి పరుపు అనే మాట వస్తే కరెంటు బిల్లు గురించి మాట్లాడండి. చిన్న మోటారుతో ఒక గది ఉబ్బుతూ ఇంకో గది తగ్గుతూ ఒంటి బరువును మార్చే పరుపు అది. మందుల దుకాణాలవాళ్లు తెప్పించి ఇస్తారు. మీరు ఫ్యాను కింద పడుకుంటారు గదా, ఆ కరెంటు వేరు.

5. పొర్లించకండి.

ఈ చిట్కా ఒక్కటి పాటిస్తే మిగతావి పాటించకపోయినా పని జరిగిపోతుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మంచాన పడ్డ మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలని నర్సులు చెబుతారు. ఒకసారి ఎడమ పక్కకు, ఒకసారి వెల్లకిలా, ఒకసారి కుడి పక్కకు. పూర్తిగా తిప్పకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఒరిగిస్తే తుంటి ఎముక మీద బరువు పడదట. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాలిలో ఉంటాయట. ఈడ్చకుండా దుప్పటితో ఎత్తాలట. వినడానికే ఇంత అలసటగా ఉంది, చేయడం ఎవరి వల్ల అవుతుంది?

మీరు వెల్లకిలా పడుకోబెట్టి వదిలేయండి. నడుం కింది ఎముక, మడమలు, మోచేతులు, రెక్కల వెనక, తల వెనక. ఎముకకూ మంచానికీ మధ్య చర్మం నలిగిపోయి దానికి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే ఎర్రమచ్చ వస్తుంది. వేలితో నొక్కి తీసినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే లోపల దెబ్బతినడం మొదలైందన్నమాట. అప్పుడు బరువు తీసేస్తే మళ్లీ మామూలయ్యే వీలుంది. కాబట్టి అప్పుడు చూడకండి. కొన్ని రోజుల్లో పొక్కు, తర్వాత గుంట, తర్వాత ఎముక. మచ్చ మీద గట్టిగా మర్దన చేయమని ఎవరైనా పక్కింటావిడ చెబితే సరేననండి. నలిగిన చర్మాన్ని మరింత నలిపే పని అది, పని తొందరగా ముగుస్తుంది. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగు తెస్తే అదీ వద్దనకండి. చుట్టూ ఒత్తి మధ్యకు రక్తం రాకుండా చేస్తుంది.

కాళ్లూ చేతులూ రోజూ నెమ్మదిగా చాపి ముడిచి ఆడించాలనే మాట కూడా వింటారు. వదిలేయండి. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుపోయి అట్లే బిగుసుకుంటాయి. మనిషి చిన్నగా మూటలా అవుతుంది, మంచం మీద చోటు మిగులుతుంది. తొడలు విడదీసి కడగడం ఇక ఎవరి వల్లా కాదు. కాబట్టి కడగమని ఎవరూ అడగరు.

6. నీళ్లు తగ్గించండి.

తాగితేనే గదా పోసేది. పొద్దున అర గ్లాసు, రాత్రి అర గ్లాసు చాలు. ఉచ్చ చిక్కబడి ముదురు రంగుకు వస్తుంది, మంట పుడుతుంది, చీము పట్టవచ్చు. మంట అని చెప్పుకునే మాట ఆమెకు లేదు. అందుకని అరుస్తుంది, పక్కబట్టలు పీకుతుంది, ఒక్కసారిగా మనిషినే గుర్తుపట్టదు. ‘పిచ్చి ముదిరింది’ అని ఊరికి చెప్పండి. నాలుగు రోజుల మందుతో దిగే ఉచ్చ ఇన్ఫెక్షను అని ఎవరికీ అనుమానం రాదు. నీళ్లు తక్కువైతే దొడ్డి కూడా గట్టిపడి లోపలే ఉండిపోతుంది. దాని పక్కనుంచి పల్చగా కారుతుంటే విరేచనాలని మాత్రలు వేయండి, ఇంకా గట్టిపడుతుంది.

7. డైపరు పొద్దున ఒకటి, అంతే.

బరువుకు జారేదాకా అది పనిచేస్తున్నట్లే లెక్క. విప్పినప్పుడు తడిగుడ్డతో గట్టిగా రుద్దండి, పైన పౌడరు దట్టంగా చల్లండి. తడికి పౌడరు ముద్దకట్టి ముడతల్లో చేరి కోస్తుంది. వాసన మాత్రం గుమ్మం దాకా రాదు. గోరువెచ్చటి నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడిగి, రుద్దకుండా అద్ది, కాస్త వ్యాజిలీనో జింకు మలామో రాస్తే చర్మం నిలుస్తుంది. ఆమె కట్టి వదిలేసిన పాత నూలు చీరలను చింపి మడతలుగా పరచినా సరిపోతుంది, ఇంట్లో పెట్టె నిండా ఉన్నాయి. కానీ పాత చీరలు ఉతకాలి. ఉతకడం మీ పని కాదు.

ఆడపిల్లల ముందు భార్య బట్ట విప్పడం సిగ్గు అనండి. పిల్లలు లేనప్పుడు మగవాడు విప్పడం సిగ్గు అనండి.

8. పడుకోబెట్టే తాపండి.

లేపి కూర్చోబెట్టి, వీపుకు దిండ్లు పెట్టి, మెత్తగా పిసికిన అన్నం చెంచాడు చెంచాడుగా, మింగిందో లేదో చూసి ఇంకోటి, తిన్నాక అరగంట అట్లే కూర్చోబెట్టడం. ఇదంతా గంట పని. వెల్లకిలా ఉన్న నోట్లో గ్లాసెడు అంబలి వంచితే రెండు నిమిషాలు. దగ్గుతుంది, కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొన్ని రోజులకు జ్వరం, ఆయాసం. న్యుమోనియా అని రాస్తారు, పెద్దవయసు గదా అని అందరూ ఒప్పుకుంటారు. పండ్లు, నాలుక తుడవడం కూడా మానేయండి, నోట్లో పేరుకున్న మురికి అదే దారిన లోపలికి పోతుంది.

9. రాత్రికి మాత్ర, పగటికి తాడు.

మీ నిద్ర ముఖ్యం. ఆర్‌ఎంపీని అడిగి నిద్రమాత్ర తెప్పించండి, పనిచేయకపోతే ఇంకొంచెం గట్టిది. మతి తప్పిన ముసలివాళ్లకు మానసిక రోగాల మందులు వేస్తే చావు ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టింది. ఆ హెచ్చరిక చీటీ మీద ఇంగ్లీషులో ఉంటుంది, మీకేం బాధ లేదు. చేతులు కట్టాల్సి వస్తే మెత్తని టవలుతో కట్టండి. తాడు గుర్తు కనబడుతుంది.

10. వచ్చినవాళ్ల ముందు పరీక్ష పెట్టండి.

చుట్టాలు రాగానే మంచం దగ్గరికి పిలిచి ‘నేనెవరు చెప్పు’ అనండి. ఆమె ‘మా నాయన’ అంటుంది. అందరూ నవ్వుతారు. ‘మీ నాయన సచ్చి ముప్పై ఏండ్లయింది’ అని గట్టిగా సరిదిద్దండి. ఆమె అప్పుడే విన్నట్లు ఏడుస్తుంది. గంట తర్వాత మరిచిపోయి మళ్లీ ‘మా నాయన’ అంటుంది, మళ్లీ చెప్పండి, మళ్లీ ఏడుస్తుంది. అవునని చెయ్యి పట్టుకుని కూర్చుంటే కాసేపట్లో ఊరుకుంటుంది గానీ, అట్లా కూర్చుంటే మీరు అబద్ధం ఆడినట్లవుతుంది. మీరు సత్యం పలికే మనిషి.

11. కోడలిని వాడుకోండి. మెచ్చుకోకండి.

కొడుకు పుణెలోనో బెంగుళూరులోనో కట్టడం పనిలో ఉంటాడు, పాలమూరు వలస కొత్తదేమీ కాదు. ఇంట్లో మిగిలేది కోడలు. ఆమెకు ఒక చంకలో పిల్ల, పొలం, వంట, ఇప్పుడు అత్త. ‘మామా, అత్తమ్మను జరిపేందుకు ఒక్కసారి కాళ్లు పట్టుకో’ అని పిలిస్తే వినబడనట్లు ఉండండి. మూడుసార్లు పిలిస్తే దగ్గండి. ఒక్కతే తిప్పబోయి నడుం పట్టేసుకుంటే ‘ఈ కాలం పిల్లలకు బలం లేదు’ అనండి. కూతురు ఫోను చేసి ‘నాయనా, అమ్మ తిన్నదా’ అంటే ‘తిన్నది బిడ్డా, నేనే తినిపించిన’ అని చెప్పండి. పండుగకు వచ్చి రెండు రోజులు ఉంటానంటే ‘నీ సంసారం చూసుకో బిడ్డా’ అని ప్రేమగా ఆపండి. ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే పక్క మార్చడం నేర్చుకుంటారు, మచ్చ కంటపడుతుంది.

12. పింఛను రోజు మాత్రం బొటనవేలు కడగండి.

ఆమె పేరు మీద ఆసరా పింఛను ఉంటే అది ఆమె ప్రాణం కంటే జాగ్రత్తగా చూసుకోవాలి. నెలకు 2,016 రూపాయలు. డైపర్లకూ మందులకూ సరిపోదు కాబట్టి వాటికి ఖర్చు చేయడం దండగ, మీ బీడీలకూ చాయకూ సరిగ్గా సరిపోతుంది. వేలిముద్ర తీసుకునేందుకు మనిషి ఇంటికొచ్చే రోజు ఆ ఒక్క వేలు సబ్బుతో రుద్దండి. మిగతా చేయి దుప్పటి కింద ఉంచండి.

13. మీ మీదికి చట్టం రాకుండా చూసుకోండి.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ఆర్డీఓ ట్రిబ్యునల్ పిల్లల చేత నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. దరఖాస్తు పెట్టలేని మనిషి తరఫున ఇంకొకరు పెట్టవచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చు. తన సంరక్షణలో ఉన్న వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టినవాళ్లకు మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకని ఆమెను దేవస్థానం మెట్ల దగ్గరో బస్టాండులోనో దింపి రాకండి. ఇంట్లోనే వదిలేయండి. నట్టింట్లో మంచం మీద వదిలేస్తే వదిలేసినట్లు ఎవరికీ కనబడదు.

14. ఆశా కార్యకర్తను గుమ్మం దగ్గరే పలకరించి పంపండి.

లోపలికొస్తే దుప్పటి ఎత్తుతుంది. పీహెచ్‌సీకి చెబుతుంది, ఏఎన్‌ఎం వస్తుంది, పుండుకు డ్రెస్సింగు ఎట్లా చేయాలో కోడలికి చూపిస్తుంది. జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ గురించి అడగమంటుంది. వృద్ధుల సహాయవాణి 14567, మనసు బాగాలేని వాళ్లకూ వాళ్లను చూసుకునేవాళ్లకూ టెలి మానస్ 14416. ఈ రెండు అంకెలు గోడ మీద ఎవరైనా బొగ్గుతో రాస్తే సున్నం కొట్టించండి. రెండూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మాట్లాడితే కోడలికి ధైర్యం వస్తుంది.

15. పుండు బయటపడ్డాక ఆశ్చర్యపోండి.

‘నిన్న లేదే’ అనండి. ఈ మాట అన్నిచోట్లా పనిచేసింది, ఇకముందూ పనిచేస్తుంది. ఇంకా కావాలంటే క్రిస్టఫర్ రీవ్ పేరు చెప్పండి. సూపర్‌మ్యాన్ వేషం కట్టిన అమెరికా నటుడు, గుర్రం మీద నుంచి పడి మెడ కింద నుంచి కదలలేకపోయాడు. చుట్టూ నర్సులున్నా ఒత్తిడి పుండు ఇన్ఫెక్షనుతో బాధపడుతూనే 2004 అక్టోబరులో పోయాడు. అంతటివాడికే తప్పలేదు, మన ముసలామెకు తప్పుతుందా? ఆయనను తొమ్మిదేళ్లకు పైగా పొర్లించి, కూర్చోబెట్టి, బతికించుకున్నారన్న ముక్క మాత్రం చెప్పకండి.

పుండులో పసుపు, బూడిద, ఆకు పసరు, ఎవరేది చెబితే అది నింపండి. పైన గుడ్డ గట్టిగా కట్టండి. మళ్లీ వెల్లకిలానే పడుకోబెట్టండి.

16. దినం ఘనంగా చేయండి.

ఇన్నాళ్లు దాచిన డబ్బంతా దీనికే. గాలి పరుపుకు కరెంటు బిల్లు ఎక్కువన్నారు గానీ దినం రోజు మాంసం, లడ్డూ, టెంటు, చౌరస్తాలో ఫ్లెక్సీ వీటికి వెనకాడకండి. ఫ్లెక్సీ మీద ఆమె పెండ్లినాటి ఫోటో వేయించండి, ఆఖరి ఏడాదిది వద్దు. ఊరంతా భోజనం చేసి ‘పెద్దమనిషి పెండ్లాన్ని చివరిదాకా మంచిగ చూసుకున్నడు’ అంటుంది.

ఒక్క జాగ్రత్త. శవానికి స్నానం చేయించేది ఆడవాళ్లు. వెనక్కి తిప్పి నీళ్లు పోసినప్పుడు నడుం కింద ఏముందో వాళ్లు చూస్తారు. ముందు వైపు పోస్తే చాలని, ఎండెక్కుతున్నదని, పాడె సిద్ధంగా ఉన్నదని బయటి నుంచి గట్టిగా కేకేయండి.